మన్ను తినని దారం

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే మా బిల్డింగు వెనక జాగాలోకి వెళ్తాను. ఇటుకలు పేర్చిన హద్దు దగ్గర ఆగి, గడ్డి మీదికి కొంచెం వంగి, అరచేత్తో గాలిని నా వైపు తోసుకుంటాను. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు చేయి ఎలా కదులుతుందో అలాగే కదులుతుంది. ముందు పచ్చి వేరుశనగకాయ ఒలిచినప్పటి వాసన వస్తుంది. దాని వెనకాల తడిసిన ఇనుప మేకు వాసన. మట్టి వాసన చూడాలంటే మట్టిని ముక్కు దగ్గరికి తేకూడదనీ, గాలినే పిలుచుకోవాలనీ నాకు నేర్పినావిడ అన్నపూర్ణ మేడం. ఆమెను ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మేడం రాజమండ్రి వైపు మనిషి. సూరత్‌లో ఒక కాలేజీలో మట్టి మీద పరిశోధన చేసేవారు. పెళ్ళి చేసుకోలేదు. అంత చదువుకున్నావిడ నేతపనివాళ్ళుండే గోడాదరా వాడకు వచ్చి, పొద్దస్తమానం లూముల చప్పుడు వినిపించే మా బిల్డింగులో పై అంతస్తు గది ఎందుకు తీసుకున్నారా అని అందరం అనుకునేవాళ్ళం. అడిగితే, "నేను చూసే మట్టి ఇక్కడుంది. నేనెక్కడో కూర్చుంటే ఎలా?" అనేవారు. ఆమె చూసేది మంటను ఆపే మందులు మట్టిలో పడ్డాక ఏమవుతాయని. సినిమా హాళ్ళ పర్దాలకు, హోటళ్ళ పర్దాలకు, బస్సు సీట్లకు వెనక వైపు ఒక పూత పూస్తారు. నిప్పు తగిలినా బట్ట తొందరగా అంటుకోదు. బట్టలో ఉన్నంతకాలం ఆ మందు మనుషుల ప్రాణాలు కాపాడుతుంది. ఆ బట్ట చిరిగి మట్టిలో కలిశాక అది విరుగుతుందా, ఉండిపోతుందా, ఎక్కడికైనా పోతుందా? ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఆమె ఉద్యోగమంతా గడిచింది.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. మాది సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబం. ఊరికీ సూరత్‌కీ మధ్య తిరగడంలోనే నా చిన్నతనం గడిచింది, బడికి పోలేదు. మగ్గం ఆగిన వేళల్లో మా నాన్నే పలక మీద అక్షరాలు దిద్దించాడు, పురాణం కూడబలుక్కుని చదివించాడు. ఆ చదువు ఇచ్చినందుకు ఇప్పటికీ రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. అది లేకపోతే మేడం చెప్పింది నా చెవిన పడేది కాదు, పడినా నిలిచేది కాదు.

కరోనా వచ్చి కాలేజీ మూసేస్తారని తెలిసిన రోజు మేడం ఆటో నిండా గాజు సీసాలు వేసుకొని వచ్చారు. ఒక్కో సీసాలో మట్టి. మెట్ల మీద వాటిని మోయడానికి నేను చేయి వేశాను. "ఇవేం తొక్కులు మేడమ్?" అని అడిగాను. "ఊరేసినవే భాగ్యా. తినేవి మాత్రం కాదు," అన్నారు. అప్పటికే మొదలుపెట్టిన పరీక్షలు మధ్యలో వదిలేస్తే ఏళ్ళ పని పోతుందని, కాలేజీ వాళ్ళను ఒప్పించి ఇంటికి తెచ్చుకున్నారట. గది తలుపుకు పెద్ద తాళం వేసేవారు. చేతులకు తొడుగులు లేకుండా సీసా ముట్టనిచ్చేవారు కాదు.

నాలుగు రోజులకు మా అత్తమ్మ ఏదో పని మీద పైకి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడిపోయింది. పొయ్యి మీద కుక్కర్ కూత వేస్తోంది. వాసన మాత్రం పప్పుది కాదు.

"ఏంది మేడమ్, ఏం వండుతున్నరు?"

"మట్టి అండీ. ఇంకా మందు కలపని మంచి మట్టే. బాగా ఉడకాలి."

అత్తమ్మ కాసేపు కుక్కర్ వైపు, కాసేపు ఆమె వైపు చూసింది. "పేరేమో అన్నపూర్ణ. కుక్కర్ల మన్ను," అంది. మేడం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఉన్నది ఒక్కటే కుక్కరనీ, ఇక దాంట్లో అన్నం వండుకోననీ చెప్పారు. మరి ఏం తింటరంటే, బ్రెడ్ ఉందన్నారు. కిందికి వచ్చాక అత్తమ్మ నాతో, "జర రేపటి సంది పైకి గిన్నె పంపు. మన్ను వండుకునే మనిషి, తిన్నా తింటది," అంది. అలా మా ఇంటి అన్నం పై అంతస్తుకు పోవడం మొదలైంది. గిన్నె ఇవ్వడానికి వెళ్ళి నేను కూర్చునేదాన్ని, తలుపు బయట ఒక స్టూలు మీద, ముక్కూ నోరూ కొంగుతో కట్టుకొని.

ఆ కుక్కర్ సంగతి నాకు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒకరోజు అడిగేశాను. "మట్టిల జీవాలుంటయంటిరి గదా మేడమ్. ఉడకబెడితే సచ్చిపోవా?"

"చచ్చిపోతాయి. అందుకే ఉడకబెట్టాను," అన్నారు ఆమె దాచకుండా. "బతికున్న మట్టి ఏం పని చేస్తుందో తెలియాలంటే, పక్కన చచ్చిన మట్టి కూడా ఉండాలి. రెండిట్లోనూ మందు ఒకేలా తగ్గిందనుకో, ఆ పని ఈ జీవులది కాదని తెలుస్తుంది." కొంచెం ఆగి, "నువ్వు వాటి కోసం బాధపడ్డావు చూడు, నాకది నచ్చింది. చాలామందికి మట్టంటే కాలికింద ఉండేదే," అన్నారు.

కొన్ని సీసాల్లో మట్టి పొడిపొడిగా, గాలాడేటట్టు ఉండేది. కొన్నిట్లో నీళ్ళు నిలిపి, చీకట్లో పెట్టేవారు. మూత తీసినప్పుడు వాసన పట్టి ఆమె వాటి ఆరోగ్యం చెప్పేవారు. గాలాడే సీసాది వాన వాసన. నీళ్ళు నిలిపిన సీసాది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అది వస్తే ఆమె ముఖం వెలిగిపోయేది. గాలి లేకుండా బతికే జీవులు పని మొదలుపెట్టాయన్న గుర్తు అది. అప్పుడే ఆ అరచేతి విద్య నాకు నేర్పారు. ఆ మందు ఎలా విరుగుతుందో కూడా నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు.

"నువ్వు నేతపిల్లవు, నీకు ముడులు తెలుసు. ఆ మందులో రెండు ఉంగరాలు ఉంటాయనుకో. వాటి చుట్టూ బ్రోమిన్ అనే బరువైన ముడులు. ముడులు ఎక్కువగా ఉన్నప్పుడు అది నీళ్ళలో కరగదు, కదలదు, మట్టిలోని జిగటను పట్టుకొని కూర్చుంటుంది. ఈ జీవులు ఒక్కొక్క ముడీ విప్పుతాయి. ఎండ కూడా విప్పుతుంది గానీ పైపైనే."

"అన్ని ముళ్ళు ఇప్పితే పోతది గదా?"

"అన్నీ విప్పితే. సగంలో ఆగితేనే గొడవ. తేలికైపోతుంది కదా, ఇంకా దూరం నడుస్తుంది. ఒంట్లోకి ఇంకా సులువుగా దూరుతుంది."

"ఎన్నొద్దులు పడ్తది?"

"ఏళ్ళు భాగ్యా. నేను రిటైరయ్యాక కూడా అది ఉద్యోగం చేస్తూనే ఉంటుంది."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎంగిలాకు, పేడ, శవం, ఏది ఇచ్చినా తనలో కలుపుకునే తల్లి కదా భూమి. "భూమితల్లి అన్నిటినీ కడుపుల పెట్టుకుంటది మేడమ్," అన్నాను. ఆమె సీసా మూత బిగిస్తూ, "పెట్టుకుంటుంది. నా భయం కూడా అదే," అన్నారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా అత్తవారింట్లో దారాన్ని కాల్చరు. తొక్కరు. చెత్తలో పారేయరు. మగ్గం దగ్గర మిగిలిన నూలు ముక్కలు, నూలు పున్నమినాడు మార్చిన పాత జందేలు, అన్నీ కళ్ళకద్దుకొని మట్టిలో పాతిపెడతారు. ఊళ్ళో అదంతా పత్తి దారం, ఒక వానాకాలం గడిస్తే మట్టిలో మట్టయ్యేది. సూరత్ వచ్చాక కూడా అత్తమ్మ ఆ ఆచారం వదల్లేదు. బిల్డింగు వెనక జాగాలో గుంట తీసి పాతేది. కాకపోతే ఇక్కడ దారం మారింది. పూత పూసిన పర్దా బట్ట మా వాడకు వచ్చేది. ఆడవాళ్ళం ఇంట్లో కూర్చొని అంచులు కత్తిరించి ఇచ్చేవాళ్ళం. ఆ అంచుల ముక్కల్ని, ఇక్కడివాళ్ళు చిందీ అనేవాటిని, అత్తమ్మ అంతే భక్తిగా పాతిపెట్టింది. ఏ ముక్క అయినా ఆమెకు దారమే. కార్ఖానాలు మూతపడి కూరగాయలు దొరకని రోజుల్లో ఆ జాగాలోనే తోటకూర, గోంగూర వేసింది. ఏపుగా పెరిగాయి. వాడ మొత్తానికి కొంగుల్లో పోసి పంచేది.

మా ఆడబిడ్డ సుజాత, పాకుతున్న బిడ్డ చిట్టితో పుట్టింటికి వచ్చి, దారులు మూసుకుపోయి మా దగ్గరే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం అత్తమ్మ కూర కోస్తూ బిడ్డను మడిలో దించింది. చిట్టి పిడికిట మట్టి తీసి నోట్లో పెట్టుకుంది. "తిను బిడ్డా, మన్ను తిన్న పోరగాళ్ళే గట్టిగైతరు," అంటూ అత్తమ్మ నవ్వింది. పై నుంచి చూసిన మేడం చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చారు.  బిడ్డ పక్కన కూర్చొని, చీర చెంగుతో నోరు తుడిచి, పిడికిలి మెల్లగా విప్పారు. అందులో మట్టితో పాటు తెల్లటి బట్టపీలిక.

"ఇది ఎక్కడిదండీ?"

"గిది మా చిందే మేడమ్. పర్దాల అంచులు. ఇక్కడ్నే పాతుకుంట వస్తున్నం, ఎన్నేండ్లాయెనో."

మేడం ఆ పీలికను వేళ్ళ మధ్య నలిపారు. తెల్లపొడి రాలింది. దాన్ని అత్తమ్మకు చూపించారు. "ఒకరోజు తిన్న మట్టికి ఏమీ కాకపోవచ్చు. రోజూ తింటే ఏమవుతుందో నాకు తెలీదు. ల్యాబ్ మూసి ఉంది, చూసి చెప్పే దారి లేదు. తెలిసేదాకా పాపను ఇక్కడ దించకండి. కూర కూడా ఆపితే మంచిది."

సుజాత పరుగున వచ్చి బిడ్డను ఎత్తుకుంది. అత్తమ్మకు మాత్రం ముఖం మాడిపోయింది. "మా చేతుల పెరిగిన కూర. వాడంత తింటున్నది. ఎవలకేమైంది?"

"ఏమీ కాలేదండీ. ఏమీ కాకూడదనే చెప్తున్నాను."

ఆ రోజు నుంచి అత్తమ్మ పైకి గిన్నె కట్టలేదు. నేను కట్టబోతే, "మన్నే వండుకోని తిననియ్యి," అంది. అయినా నేను కట్టి తీసుకెళ్ళాను. సుజాత రాత్రీ పగలూ బిడ్డ నోటి చుట్టూ కళ్ళు పెట్టుకొని కూర్చునేది. పాలు ఇవ్వాలంటే భయం, ఇవ్వకపోతే భయం. "వదినె, ఆ కూర నేను దినాం తిన్న. నా పాలల్లకు పోయిందేమో గా మేడమ్‌ను అడుగు," అనేది. అడిగితే మేడం, "పాలు ఆపొద్దని చెప్పు. అది మాత్రం గట్టిగా చెప్పగలను," అన్నారు.

రెండు రోజులు చూసి మేడం తానే మా గడప దగ్గరికి వచ్చారు. "అమ్మగారూ, నా మాట వదిలేయండి. మీ మట్టినే అడుగుదాం."

"మన్ను మాట్లాడుతదా?"

"మీతో మాట్లాడుతుంది. నాకంటే మీకే పరిచయం ఎక్కువ."

అత్తమ్మ విసురుగానే లేచింది. మామయ్య చనిపోయిన ఏడాది, ఆయన చివరిగా మార్చిన జందేన్నీ, ఆయన నేసిన నూలు తువ్వాలునూ ఏ మూలన పాతిందో ఆమెకు గుర్తుంది. ఆ పక్కనే అదే వారం పర్దా అంచులూ పాతింది. మేడం మట్టిని ముందు నీళ్ళతో తడిపించారు, దుమ్ము లేవకూడదని. అందరి చేతులకూ తొడుగులిచ్చారు. అత్తమ్మే గడ్డపార వేసింది. ఒక మూల తవ్వితే నల్లటి మట్టి తప్ప ఏమీ లేదు. జందెం లేదు, తువ్వాలు లేదు. పక్కన తవ్వితే పర్దా అంచులు బయటికొచ్చాయి. మట్టి దులిపితే కత్తెర పెట్టిన గాటు కూడా అలాగే ఉంది.

అత్తమ్మ గడ్డపార పక్కన పెట్టి కూర్చుండిపోయింది. "మీ మామది తీసుకున్నది. దీన్ని తీసుకోలే," అంది నాతో. "భూమితల్లి ఒప్పుకోలే."

మేడం అక్కడ ఊరుకుంటే సరిపోయేది. అత్తమ్మ నమ్మేసింది, కావలసిన పని అయిపోయింది. కానీ ఆమె ఊరుకోలేదు. "ఒక్కమాట చెప్పాలండీ. బట్ట కుళ్ళకపోవడం పాలిస్టర్ వల్ల. మందు సంగతి వేరు. అది ఈ తెల్లపొడిలో ఉంటుంది, రాలి మట్టిని పట్టుకుంటుంది, కంటికి కనిపించదు. బట్ట ఇలా ఉంది కాబట్టి మందు కూడా ఇలాగే ఉందని రుజువు కాదు. ఉందనే నా అనుమానం. అంతే."

అత్తమ్మ తల ఎత్తి ఆమెను కొత్తగా చూసినట్టు చూసింది. "నువ్వేందమ్మా, నమ్ముతనంటే నమ్మనియ్యవు," అంది. తర్వాత వంగి, తాను వేసిన తోటకూరను వేళ్ళతో సహా తనే పీకడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం పైకి వెళ్ళిన గిన్నె ఆమే కట్టింది. అబద్ధం కాకపోయినా అనుకూలమైన పొరపాటును కూడా వాడుకోని మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు అత్తమ్మ గోనెసంచులు తెచ్చి, ఈ మట్టంతా నింపి ఖాడీలో పోసి వద్దామంది. మురికినీళ్ళు పోయే కాలువే కదా అని. మేడం వద్దన్నారు. "అది పోయి తాపీ నదిలో కలుస్తుంది. చేప తింటుంది. ఆ చేపను ఏ తల్లో వండి పిల్లలకు పెడుతుంది. చోటు మారుతుందండీ, మందు పోదు." అత్తమ్మ సంచులు మడిచింది. దొరికిన చిందీలన్నీ ఏరి, మూట కట్టి, కార్ఖానా తెరిచాక సేఠ్‌కే వాపసు ఇవ్వాలని పక్కన పెట్టాం. జాగా చుట్టూ ఇటుకలు పేర్చి, పైన ఎరువు పరిచి, దుమ్ము లేవకుండా గడ్డి నాటాం. బంతిపూలైనా వేద్దామని నేనన్నాను, బతుకమ్మకు పనికొస్తాయని. అత్తమ్మే నన్ను ఆపింది. "బతుకమ్మ యాడికి పోతది? తాపీలకే గదా," అంది. మేడం ముఖంలో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చినప్పటి వెలుగు కనిపించింది.

రెండో వేవ్‌లో మేడంకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో మంచం దొరక్క గదిలోనే ఉన్నారు. తలుపు బయట గంజి పెట్టి, తలుపు తట్టి, ఆమె లోపలి నుంచి తిరిగి తట్టేదాకా మెట్ల మీద నిలబడేదాన్ని. ఒకరోజు తలుపు వెనక నుంచి సన్నగా, "నేను గుడికి వెళ్ళే మనిషిని కాదు భాగ్యా. నీ దండంలో నా పేరు కూడా కలుపుతావా?" అన్నారు. అప్పటికే కలిపానని చెప్పలేక, "సరే మేడమ్," అన్నాను. ఆమె లోపల ఉన్నన్ని రోజులూ, తలుపు బయట పెట్టిన సీసాలను ఆమె కిటికీలోంచి చెప్పినట్టే చూసుకున్నాను.

దేవుడి దయవల్ల ఆమె లేచారు. కానీ ముక్కుకు వాసన తెలియడం పోయింది. గాలి లేని సీసా మూత తీసి, చేత్తో గాలి మళ్ళీ మళ్ళీ తోసుకున్నారు. తర్వాత సీసాను నా వైపు జరిపి, "నువ్వు చెప్పు," అన్నారు. కాలేజీ తెరిచాక నన్ను కూడా తీసుకెళ్ళారు. ఆమె చేసే పరీక్షల్లో వాసన నాది, చూపు ఆమెది. ఇనుము వాసన అంటే ఏ ఇనుము, పాతదా, కాలినదా అని ఓపికగా అడిగేవారు. నాకు వాసనలకు అన్ని పేర్లు ఉన్నాయని ఆమె అడిగేదాకా నాకే తెలీదు.

మా జాగా మట్టిని ఆ ల్యాబ్‌లోనే చూశారు. ఫలితం చెప్పడానికి నేరుగా అత్తమ్మ దగ్గరికే వచ్చారు. "మట్టిలో మందు ఉందండీ. వేళ్ళకు అంటిన మట్టిలోనూ ఉంది. కడిగిన ఆకుల్లో దాదాపు లేదు. అది మట్టిని వదిలి పైకి అంతగా ఎక్కదు. మీరు పంచిన కూర వల్ల ఎవరికీ కీడు జరిగి ఉండదనే నేననుకుంటున్నాను. పాప ఆ మట్టిలో రోజూ ఆడకుండా ఆపడమే మనం చేసిన మంచి పని." ఎరువు కోసం ఆరబెట్టి దాచిన తోటకూర కట్టలే ఆ పరీక్షకు పనికొచ్చాయి. అత్తమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది. "ఇన్నొద్దులు వాడోళ్ళ మొగం చూడలేకపోయిన," అంది. ఆ భారం ఆమె మోస్తోందని నాకు కూడా తెలీదు. మేడంకు తెలిసినట్టుంది. అందుకే మట్టితో పాటు కూరను కూడా పరీక్షించారు.

మేడం రిటైరై రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. సుజాత బిడ్డ చిట్టి ఇప్పుడు బడికి పోతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఇటుకల ఇవతలే నిలబడుతుంది, అడుగు లోపల పెట్టదు. నూలు పున్నమినాడు అత్తమ్మ పాతిపెట్టే ముందు ప్రతి ముక్కనూ నా చేతిలో పెట్టి, "ఇది మన్ను తింటదా?" అని అడుగుతుంది. పత్తి అయితేనే పాతుతాం. అది కూడా వేరే కుండలో. మిగతాది మూట కట్టి వాపసు పంపుతాం. ఆ జాగాలో ఏమీ పండించం, ఏమీ తవ్వం. అయినా వేసవిలో గడ్డికి నీళ్ళు పోస్తాను. అక్కరకు రాని జాగాకు నీళ్ళెందుకని పక్కవాళ్ళు నవ్వుతారు. దేవుడు నా వంతుకు ఇచ్చిన మట్టి అదే అనుకుంటాను.

మొన్న వాన వెలిశాక మేడంకు ఫోన్ చేశాను. క్షేమసమాచారం అయ్యాక, ఎప్పటిలాగే, "ఎలా ఉంది మన జాగా?" అన్నారు. "పోయిందా మేడమ్, ముళ్ళు ఇప్పినయా?" అని నేను అడిగాను. "కొన్ని విప్పి ఉంటాయి. ఇంకా ఉంటుంది," అన్నారు, ఎప్పటిలాగే. తర్వాత, "వాసన చెప్పు," అన్నారు. పచ్చి వేరుశనగకాయ అన్నాను. దాని వెనక ఇనుప మేకు, పాతదే, కాలింది కాదు అన్నాను. నీళ్ళు నిలిచిన మూల కొంచెం కోడిగుడ్డు కూడా అన్నాను.  అటువైపు ఆమె గట్టిగా ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు వినిపించింది.